బాలబోధయందు గాజునూఁదు విద్య

గాజు నెఱుంగని బాలుఁడు మన దేశమున లేఁడు. తల్లిచేతి గాజుల చప్పుడు వినుచునే వాఁడు పెరుగును. మందుబుడ్డి, దీపపుఁ జిమ్నీ, కిటికీ యద్దము వాని కన్నుల యెదుటనే యుండును. అయినను గాజుబుడ్డి నెట్లు చేయుదురని వాఁ డడిగినచో బడిలో వానికి దొరకు సమాధానము తఱచుగా రెండు విధముల నుండును. ఒకటి, ఇసుకను గరఁగించి చేయుదురను నేకవాక్యము. రెండవది, సముద్రతీరమున వంట చేసికొన్న వర్తకుల కథ. మొదటిది నిజమే కాని దానివలన బాలునకుఁ దెలిసినది లేదు. రెండవది వినుట కింపైనదే కాని నిజము గాదు. ఈ రెంటిని విడిచి, ఆ శిల్పమును దాని చరిత్రముతోఁ గూడ బాలురకు సుబోధ మగునట్లు చెప్పు మార్గమును విచారించుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

ముందుగా మాటను గూర్చి కొంత చెప్పవలసి యున్నది. గాజు అను తెలుఁగుమాట సంస్కృత కాచశబ్దమునుండి పుట్టినది. అమరసింహుఁడు నానార్థవర్గమునఁ గాచశబ్దమునకు ఉట్టి యనియు, ఒక తెఱఁగు మన్ననియు, ఒక కంటిజబ్బనియు మూఁ డర్థములను జెప్పినాఁడు. అమరము వల్లించిన పిన్నవాఁడు ఈ మూఁటిని దడఁబడక యొప్పగింపఁగలఁడు. కాని యందు రెండవ యర్థమునకును దన యెదుటనున్న మందుబుడ్డికిని సంబంధ మున్నదని వానికిఁ జెప్పువారు లేరు. గాజు మృద్భేద మనుట యూరక పలికిన మాట గాదు. ఇసుక, చవుడు, సున్నము అను మూఁడు మంటిజాతులే దానికిఁ బ్రకృతి. చాకలివాండ్రు బట్టలకుఁ బెట్టు చవుటిమంటిలోని క్షారమే ఇసుకను గరఁగించును. మన దేశమునఁ బూర్వులు గాజు చేయుటకు వాడినదియు నీ చవుడే. వట్టి యిసుక కరఁగవలె నన్నచో ఇంచుమించు 1,700 సెంటిగ్రేడు డిగ్రీల వేఁడి కావలయును. క్షారము చేరినచో నది యెంతయో తక్కువ వేఁడికే లొంగును. కాని యిసుకయు క్షారమును మాత్రమే కలిపి చేసిన గాజు నీటఁ గరఁగిపోవును. దానిని నిలుపునది సున్నము. ఈ మూఁటి పనియు నిట్లు వేర్వేఱుగాఁ జెప్పిననాఁడు అమరములోని మాట బాలునకు సార్థక మగును.

తెలుఁగున మఱియొక విశేషము కలదు. పదార్థమునకును దానితోఁ జేసిన చేతికడియమునకును నొక్కటే పేరు. కావుననే మనము "బంగారు గాజులు" అనుచున్నాము. బంగారముతో గాజు నెట్లు చేసిరని యడిగినచో బాలుఁడు నవ్వును. అట్లు నవ్వించుట పాఠమునకు మంచి యారంభమే. అయితే చేతిగాజు ఊఁదినది గాదని వెంటనే చెప్పవలెను. ఫిరోజాబాదులోఁ గరఁగిన గాజును తీఁగగా సాఁగఁదీసి, తిరుగుచున్న కడ్డీపైఁ జుట్టచుట్టగాఁ జుట్టి, ఆ చుట్టను నిలువునఁ గోసి, విడివడిన వలయముల కొనలను మంటపై నతికింతురు. ఊపిరితో నిచటఁ బని లేదు.

ఇఁక ఊఁదుట. పిల్లలకు దీనిని జెప్పఁబూనువారికి మార్గము చూపిన వారిలో నింగ్లండు దేశపు శాస్త్రజ్ఞుఁడు సి. వి. బాయిస్ ప్రముఖుఁడు. ఈయన 1887లో స్ఫటికశిల యగు పలుఁగుఱాతిని గరఁగించి, దానిని బాణమునకుఁ దగిలించి, చిన్న విల్లుతో నెగురఁగొట్టి, కంటికిఁ గానరాని సన్నని దారములను దీసినవాఁడు. ఈయనయే 1889 డిసెంబరు 30వ తేదినాఁడును, 1890 జనవరి 1, 3 తేదులందును లండన్ ఇన్‌స్టిట్యూషనులో బాలబాలికల సభ యెదుట సబ్బుబుడగలను గూర్చి మూఁ డుపన్యాసములు చేసి, వానిని 1890లోనే గ్రంథముగాఁ బ్రకటించెను. బుడగ గుండ్రముగా నేల యుండును, దాని పొర యేల లోనికి లాగికొనును అను ప్రశ్నలను ఆయన పెద్దమాటలతోఁ గాక, పిల్లలు తమ యింట మరలఁ జేసి చూచుకొనఁదగిన పనులతోఁ దీర్చెను. శాస్త్రమును దగ్గించి చెప్పుట వేఱు, చేతి కందించి చెప్పుట వేఱు. బాయిస్ చేసినది రెండవది.

మన బాలురకు బుడగ క్రొత్త గాదు. కుంకుడురసములో బొప్పాయికాఁడ ముంచి యూఁదుట వారెఱుంగుదురు. పల్లెపట్టులందు నేపాళపుఁగొమ్మను విఱిచి, ఆ విఱుపునఁ బొర గట్టిన పాల నూఁది బుడగలు వదలుదురు. (ఆ పాలు నోటఁ బడనీయరాదు. దాని గింజ విషము.) ఊఁదుగొట్టమును వంటయింట నిత్యము చూతురు. ఈ రెంటిని జతపఱిచినచో గాజునూఁదువాని పని సగము తెలిసినట్లే. మిగిలిన సగము పాకము. బెల్లపుఁబాకమును జూచిన పిల్లవాఁడు తీఁగపాకమునకును ఉండపాకమునకును భేద మెఱుంగును. మంచుగడ్డ యొక్క వేఁడిమివద్దనే నీరగును. గాజట్లు గాదు. బెల్లపుఁబాకమువలె అది చల్లాఱినకొలఁది క్రమముగా చిక్కనై, తీఁగసాఁగి, మెత్తని ముద్దయై, కడపట గట్టిపడును. ద్రవమునకును ఘనమునకును నడుమ దానికిఁ గల యీ దీర్ఘమైన మధ్యావస్థయే యీ శిల్పమున కాధారము. లోహమున కిట్టి యెడము లేదు గనుకనే కంచరివాఁడు కంచు నూఁదలేఁడు.

పని జరుగు క్రమ మిది. కొలిమిలో నించుమించు 1,100 డిగ్రీల వేఁడిమిని గాజు తేనెవలె నుండును. నాలుగైదడుగుల పొడవుగల యినుపగొట్టపుఁగొనను అందు ముంచి త్రిప్పినచో, తేనెలో ముంచిన పుల్లకువలె ముద్ద చుట్టుకొనును. ఆ క్షణము మొదలు పని ముగియు దాఁక పనివాఁడు గొట్టమును ద్రిప్పుట మానరాదు. మానినచో ముద్ద తన బరువునఁ గ్రిందికి జాఱును. చూచువారికి ఊఁదుటయే ప్రధానముగాఁ దోఁచును గాని నేర్చువానికిఁ ద్రిప్పుటయే కష్టము. ముద్దను చదునైన యినుపబల్లపై దొర్లించి గుండ్రన చేసి, గొట్టమున మెల్లగా నొక యూపిరి విడిచి, బొటనవ్రేలితో రంధ్రమును మూయుదురు. చిక్కిన గాలి వేఁడికిఁ దానే వ్యాకోచించి ముద్ద నడుమ నొక చిన్న బొబ్బగాఁ బైకి వచ్చును. బుగ్గలు పగులునట్లు ఊఁదవలె నని పిల్ల లనుకొందురు. అది పొరపాటు. తగిన వేఁడిమినున్న గాజు మెత్తని యూపిరికే లోఁబడును.

ఇందొక సూక్ష్మము గలదు. సబ్బుబుడగ యెంత యూఁదినను ద్రవముగనే యుండి తుదకుఁ బగులును. గాజుబుడగ యట్లు గాదు. దాని గోడ యెచ్చటఁ బలుచనగునో అచ్చటఁ దొందరగాఁ జల్లాఱి గట్టిపడును. అప్పు డూపిరి యింకను దళముగను వేఁడిగను నున్న చోటికిఁ దిరిగి దానిని సాఁగఁదీయును. ఇట్లు బుడగ తన గోడను దానే సమము చేసికొనును. చేతికిఁ జిక్కని యీ న్యాయమును గనిపెట్టి వాడుకొనుటయే యీ విద్యలోని గొప్పదనము. పొడవు కావలసినచో గొట్టమును వ్రేలాడించి యూఁపుదురు. మెడ కావలసినచోఁ బెద్ద పట్టుకారుతో నదుముదురు. పిమ్మట మఱియొక యినుపకడ్డీకొనను గొంచెము గాజుముద్ద నంటించి, దానిని బుడ్డి యడుగునకు నతికించి, మెడయొద్ద నీటిచుక్క నొకటి తాఁకింతురు. బుడ్డి గొట్టమునుండి తెగి కడ్డీకిఁ జేరును. అప్పుడు మూతిని మరలఁ గాఁచి తీర్తురు.

నీటిచుక్కకే గాజు తెగుట యెట్లని యడిగెడి పిల్లవానికి మన వైద్యుల యింటనే సాక్ష్యము కలదు. రసశాస్త్రమునఁ గాచకూపి ప్రసిద్ధము. మట్టిగుడ్డ యేడు చుట్లు చుట్టిన గాజుకుప్పెలో నౌషధము నుంచి, వాలుకాయంత్రమునందు, అనఁగా నిసుక నింపిన కుండలో నిలిపి పచనము చేయుదురు. పాకమైన పిదప కుప్పెమెడలోఁ బేరుకొన్న మందును దీయుటకై నడుమఁ గిరసనాయిలులోఁ దడిపిన దారము గట్టి, యంటించి, మంట యాఱఁగానే తడిగుడ్డఁ జుట్టుదురు. కుప్పె ఆ గీఁటువెంబడిఁ దెగును. ఒకచోట వేఁడిచేఁ బెరిగిన గాజు చల్లఁదనముచే హఠాత్తుగా ముడుచుకొనఁ జూచుటయే రెండుచోట్లను గారణము. ఈ కారణముచేతనే పూర్తియైన బుడ్డిని బయట నాఱనీయక, సుమారు 500 డిగ్రీల వేఁడిమిగల వేఱొక గూటిలో నుంచి గంటల తరబడి మెల్లమెల్లగాఁ జల్లార్తురు. అట్లు చేయనిచో లోపలి పొరకును వెలుపలి పొరకును జగడము మిగిలి యుండి, యొకనాఁడు తాఁకకయే బుడ్డి పగులును. కరఁగిన గాజుబొట్టును నీటిలో వదలినచో నేర్పడు తోఁకగల బిందువులు, తలపై సుత్తెదెబ్బకు నిలిచి, తోఁక విఱిచినంతనే పొడిపొడి యగును. రూపర్టు రాజకుమారుఁ డింగ్లండునకుఁ దెచ్చిన యీ బిందువులను 1661లో రాయల్ సొసైటీవారు పరీక్షించిరి. వానిని బడిలోఁ జేసి చూపుట మాత్రము తగదు. ఆ పొడి కండ్లలోఁ బడును.

ఇఁక చరిత్రము. ముందు చెప్పిన వర్తకుల కథకు మూలము ప్లినీ రచించిన ప్రకృతిచరిత్రములోని 36వ గ్రంథము. పాలస్తీనా తీరమున బేలస్ అను నేటి ముఖమునఁ గ్షారవర్తకుల యోడ నిలిచెననియు, వంటకు ఱాళ్లు దొరకక వారు క్షారపుగడ్డలనే పొయ్యిగా నమర్చిరనియు, అవి యిసుకతోఁ గరఁగి పారఁగా గాజు పుట్టెననియు నందుఁ గలదు. ప్లినీ దీనిని వినికిగాఁ జెప్పెనేగాని నిశ్చయముగాఁ జెప్పలేదు. ఆయన సంకోచమును విడిచి కథను మాత్రము తీసికొన్నవారు పాఠ్యపుస్తకకర్తలు. తీరపుగాలిలో వంటచెఱుకు మంట యిసుకను గాజు చేయఁజాలదు. అందులకు మూసిన కొలిమియు, గంటల కొలఁది నిలుకడగల వేఁడియు కావలెను. మఱియు ప్లినీకిఁ బదునైదువందల యేండ్లకుఁ బూర్వమే మెసొపొటేమియాలోను ఈజిప్టులోను గాజుపాత్రలు గలవు. కాని కథలోని సామగ్రి మాత్రము సత్యము. బేలస్ యిసుకలో గవ్వల పొడి కలిసి యుండుటచే దానికి వలయు సున్నము దానియందే యున్నది. ఆ యిసుకకుఁ బేరు వచ్చుటకుఁ గారణ మిదియే. కథను బూర్తిగాఁ బాఱవేయక, ఇందలి నిజ మెంత, కల్పన యెంత యని బాలురచేతనే వేఱుచేయించుట మేలని నా యభిప్రాయము.

ఊఁదుట యీ ప్రాచీన గాజునకుఁ జాల తరువాతిది. అంతకుమున్ను కడ్డీకొన మట్టిముద్ద నుంచి, దానిపైఁ గరఁగిన గాజును జుట్టి, చల్లాఱిన పిదప లోపలి మట్టిని గోఁకి తీసెడివారు. అట్లు చేసినవి వ్రేలెడు పరిమళపుబుడ్లు. అవి ధనవంతుల సొత్తు. క్రీస్తునకుఁ బూర్వము 1వ శతాబ్ది నడుమ సిరియా పాలస్తీనా ప్రాంతమున నెవరో గాజునాళము నొకవైపు మూసి రెండవవైపునుండి యూఁదిరి. వారి పేరు తెలియదు. వారి పాఱవేఁత మాత్రము దొరికినది. నహ్మాన్ అవిగాద్ 1970వ దశకమున జెరూసలేములోని యూదులపేటఁ ద్రవ్వించినపు డొక స్నానకుండమును బూడ్చిన చెత్తలో, ఊఁదుటచే నుబ్బిన చిన్న గాజునాళములును బగిలిన బుడగలును గానవచ్చినవి. పాండిత్యమునకుఁ జెత్తకుప్ప యెంత యుపకారియో యిందుఁ జూడవచ్చును. ఆ తొలినాళ్ల ఊఁదుటకు నినుపగొట్టము లేదు, గాజునాళమే గొట్టము. ఇనుపగొట్టము తరువాత వచ్చినది.

దాని ఫలము నూఱేండ్లలోపలనే ప్రపంచమునకుఁ దెలిసెను. రోములో నొక రాగినాణెమునకు గాజుగిన్నె దొరకుచున్నదని స్ట్రాబో వ్రాసెను. సెనెకా తన 90వ లేఖలో, చేతితోఁ దీర్పరాని రూపములను ఊపిరితోఁ దీర్చు పనివానిని బోసిడోనియసునకుఁ జూపఁగోరెద నని యాక్షేపముగాఁ బలికెను. నాగరకశిల్పములన్నియు జ్ఞానులే కనిపెట్టిరన్న పోసిడోనియసునకు ఆయన యిచ్చిన ప్రత్యుత్తర మది. సీదోనునకుఁ జెందిన ఎన్నియన్ అను శిల్పి క్రీస్తుశకము 1వ శతాబ్ది పూర్వార్ధమున మూసలో నూఁది చేసిన గిన్నెలపైఁ దన పేరు గ్రీకులిపిలో నెక్కించెను. దల్మేషియాలోని అస్సేరియా యను చోట దొరికిన మట్టిప్రమిదపై, కొలిమియొద్దఁ గూర్చుండి గొట్టము నూఁదుచున్న పనివాని బొమ్మయు నున్నది. అదియు 1వ శతాబ్దిదే.

కిటికీయద్దములు గూడఁ జిరకాల మూఁదియే చేసిరి. బుడగను దెఱచి గిరగిరఁ ద్రిప్పినచో నది యప్పడమువలె విచ్చుకొని బిళ్లయగును. దానిని ముక్కలుగాఁ గోయుదురు. ముక్క కొకవైపు దళము, ఒకవైపు పలుచన. పాత దేవాలయపుఁ గిటికీలయందుఁ గ్రిందివైపు దళముగా నుండుటను జూచి, గాజు ద్రవమే గనుక శతాబ్దులలో నది క్రిందికిఁ బ్రవహించినదని పలువురు పిల్లలకుఁ జెప్పుచున్నారు. 1998లో బ్రెజిలు శాస్త్రజ్ఞుఁడు జనోటో లెక్కకట్టి, అట్లు ప్రవహించుటకు విశ్వము వయస్సును జాలదని తేల్చెను. తప్పు గాజుది గాదు, బిళ్లది.

మన దేశమును గూర్చి యొకమాట. ఎరిత్రియసముద్రయాన మను 1వ శతాబ్ది గ్రీకు గ్రంథమునందు బరుకచ్ఛమునకును ముచిరి రేవునకును ముడిగాజు దిగుమతి యగుచుండెనని కలదు. ప్లినీ యేమో భారతదేశపు గాజు పగిలిన స్ఫటికముతోఁ జేయఁబడుటచే సాటిలేని దని మెచ్చెను. మనవారు గాజును దీసికొన్నారు, చేసినారు గూడ. కాని వారి నేర్పు పూసలయందుఁ జూపిరి. ఊఁదిన పాత్రలు మన దేశమున మొగలాయీల కాలమునకుఁగాని విస్తరిల్లినట్లు తోఁపదు. తెలంగాణములోని కొండాపురమునఁ ద్రవ్వకములందు దొరికిన పూసలను గూర్చి మోరేశ్వర గంగాధర దీక్షితులు 1952లో గ్రంథము ప్రకటించెను. 1945లో వీలరు త్రవ్వించిన అరికమేడు పూసల పరిశ్రమకుఁ గేంద్రము. ఆ పద్ధతి యెట్టిదో తెలిసికొనుటకుఁ బండితులకు నుపకరించినది మన శ్రీకాళహస్తి సమీపమునఁ గల పాపానాయుడుపేట. 20వ శతాబ్దిలో నచటి పనివాండ్రు బోలు ఇనుపనాళపుఁగొనను గాజును బెద్ద శంకువుగాఁ దీర్చి, లోపల రంధ్రము నిలుచునట్లు చేసి, దాని మొనను గొక్కెముతోఁ బట్టి, గంటల తరబడి సన్నని గొట్టముగా లాగెడివారు. ఆ గొట్టమును దునుకలు చేసి, బూడిదతోఁ గలిపి కాఁచి, అంచులు నున్నన చేసెడివారు. మేరియన్ స్టెర్న్ 1987లో దీనిని గూర్చి వ్రాసినది. పాలస్తీనా పనివాఁడు నాళములోని గాలిని బుడగ చేసెను; పాపానాయుడుపేటవాఁడు దానిని సూదిబెజ్జము చేసెను. ఊఁదలేదని యీతని విద్యను దక్కువగా నెంచుట యుచితము గాదు. ఇట్టి పూసలు ప్రాచీనకాలమున నాగ్నేయాసియా దాఁకఁ బోయినవి.

బాలురకు గాజునూఁదుట చెప్పునపు డొక సంగతిని దాఁచరాదు. ఈ విద్యను బాలురు వినుటకంటె మున్ను చేసిరి. 1908లో లూయీ హైన్ అమెరికాలోని గాజుకర్మాగారములకుఁ బోయి, నడిరేయి మూసలొద్దఁ గూర్చుండిన పిల్లల ఛాయాచిత్రములను దీసెను. మూసను దెఱచి మూయుటయు, వేఁడిబుడ్లను గూటికి మోయుటయు వారి పని. అట్టి బాలురలో నొకఁడే మైకేల్ ఓవెన్సు. 1859లోఁ బుట్టి, పదియేండ్ల ప్రాయమున వెస్టు వర్జీనియాలోని వీలింగు పట్టణమున గాజుకొలిమికి బొగ్గువేయఁ జేరి, పదునైదేండ్లకే ఊఁదువాఁ డయ్యెను. 1903లో నతఁడు సిద్ధపఱిచిన యంత్రము గాజును దానే పీల్చికొని దానే యూఁది సీసాలు చేసెను. బాలుర చాకిరిని మాన్పుటలో ఆ యంత్రము శాసనములకంటె నెక్కువ పని చేసినదని ఆ కాలమువారే మెచ్చిరి. దానితోఁ బెద్దలైన ఊఁదువాండ్ర జీవనమును బోయిన దనుట వేఱొక మాట. మన దేశమున 1986నాఁటి చట్టమును 2016లో సవరించి, పదునాలు గేండ్లు నిండని పిల్లల నే పనికినిఁ బెట్టరాదని శాసించిరి. బడివేళలు గాక యింటివారి పనిలో, అది యపాయకరము గానిచో, సాయపడుటను మినహాయించిరి. గాజుకొనల నింటింట మంటపై నతికించు చోట నీ మినహాయింపు ఎంత యిఱుకైనదో, ఎంత వెడల్పైనదో విచారింపఁదగియున్నది.

పాఠము ముగిసిన పిదప పిల్లలను ఇంటినుండి సీసాలు తెమ్మనవలెను. యంత్రమున నూఁదిన సీసాకు మూస రెండు చెక్కల యతుకు గీఁటులు మూతిదాఁకఁ గాన్పించును. తాతలనాఁటి అత్తరుబుడ్డియో గులాబుదానియో దొరకినచో దాని యడుగును వ్రేలితోఁ దడవి చూడుమనవలెను. గరుకైన చిన్న మచ్చ తగులును. పనివాఁడు కడ్డీని విఱిచి తీసికొన్న చోటది.